అట్ట మీద మరక ఎవరిది?

పాత కామిక్స్ ఆన్‌లైన్ బేరాల్లో తగవులు ఎక్కడ పుడతాయి, ఎలా తీరతాయి

“కండిషన్ బాగుంది. పేజీలన్నీ ఉన్నాయి. పాత పుస్తకం కాబట్టి కాస్త అరుగుదల మామూలే.”

పాత కామిక్స్, పాత చందమామలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు పెట్టే ప్రకటనల్లో చాలావాటికి ఈ మూడు వాక్యాలే ఆస్తి. పక్కన ముఖచిత్రం ఫొటో ఒకటి, ధర, ‘పోస్టేజీ అదనం’ అన్న ముక్క. కాసేపట్లో ఎవరో ‘నాకు’ అంటారు. యూపీఐలో డబ్బు పడుతుంది. వారం తిరక్కుండా పార్శిల్ చేరుతుంది. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. వెనక అట్ట లోపలివైపు చెమ్మ మరక. నడిమి పేజీ పిన్నుల నుంచి ఊడి వచ్చేసింది. పజిల్ పేజీలో ఏనాటి పిల్లాడో బాల్‌పెన్నుతో జవాబులు నింపేశాడు. కొన్నాయన ఫొటోలు తీసి పంపుతాడు. అమ్మినాయన “పాత పుస్తకమని ముందే చెప్పాను కదండీ” అంటాడు.

నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. నలభై ఏళ్ల కిందటి కాగితం ఈ మాత్రం నిలవడమే గొప్పని అమ్మినాయన నమ్మకం. తన పదో ఏట చేతిలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉండాలని కొన్నాయన ఆశ. ఈ రెంటి మధ్య దూరాన్ని పూడ్చాల్సింది ప్రకటన. ఈ బేరాలను చాలాకాలంగా దగ్గర్నుంచి చూస్తున్న నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే: తగవుల్లో ఎక్కువ భాగం ప్రకటన రాసిన రోజే పుట్టి ఉంటాయి. పార్శిల్ విప్పిన రోజు బయటపడతాయి, అంతే.

ఏం కొంటున్నారు?

పాత కామిక్స్ అనగానే మన దేశంలో ముందు వినిపించే పేరు ఇంద్రజాల్. బెనెట్ కోల్‌మన్ సంస్థ 1964 మార్చిలో మొదలుపెట్టి 1990 దాకా నడిపింది. ఫాంటమ్, మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, 1976 నుంచి ఆబిద్ సూర్తి సృష్టించిన బహదూర్. మొత్తం ఎనిమిది వందలకు పైగా సంచికలు. ఆ తర్వాత అనంత్ పై సంపాదకత్వంలో 1967లో వచ్చిన అమర చిత్ర కథ. ఇది తెలుగులోనూ వచ్చింది. హిందీవాళ్లకు రాజ్ కామిక్స్ వారి నాగరాజ్, డైమండ్ వారి చాచా చౌదరి. తమిళులకు శివకాశి నుంచి వచ్చే ముత్తు, లయన్ కామిక్స్.

తెలుగువాళ్లకు మాత్రం దాచుకోవడం అంటే ముందు చందమామే. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి తెచ్చిన ఆ పత్రిక నిక్కచ్చిగా చూస్తే కామిక్ కాదు, బొమ్మల కథల పత్రిక. అయినా అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ వాళ్లే, బేరాలు జరిగే చోట్లూ అవే. దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ ఒక్క భాగమూ పోకుండా కావాలని ఒకరు, వడ్డాది పాపయ్య ముఖచిత్రం ఉంటే చాలని మరొకరు, ఎం.టి.వి. ఆచార్య బొమ్మల కోసం ఇంకొకరు. పత్రికల్లో వచ్చిన బుజ్జాయి బొమ్మల కథ ‘డుంబు’ను కత్తిరించి, వరస పెట్టి, సూదీదారంతో కుట్టి దాచుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి. అలాంటి కుట్టు పుస్తకం బేరానికి వస్తే దాని ధర ఎంతో చెప్పగలిగే పట్టిక ఎక్కడా లేదు. కావలసినవాళ్లు ఇద్దరుంటే ఒక ధర, ఒక్కరే ఉంటే ఇంకో ధర.

సరుకు వచ్చే దారులు పాతవే. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్, విజయవాడ పాత పుస్తకాల దుకాణాలు, ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు అటక మీంచి దిగే రేకు పెట్టెలు. అమ్మే చోటు ఒక్కటే మారింది.

ధరల గురించి ఒక మాట. 1938లో పది సెంట్లకు అమ్మిన, సూపర్‌మ్యాన్ తొలి కథ ఉన్న ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024 ఏప్రిల్‌లో వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఇక్కడ పెట్టెలు విప్పేవాళ్లు ఎక్కువవుతారు, ధరలు ఆకాశంలో పెట్టేవాళ్లూ ఎక్కువవుతారు. ఆ లెక్క మనకు కుదరదు. మన దగ్గర అరుదైనది చాలాసార్లు సంచిక కాదు, దాని స్థితి. చవక న్యూస్‌ప్రింటు, కోస్తా చెమ్మ, అద్దె పుస్తకాల షాపు ముద్రలు, చేతులు మారి మారి పోయిన అట్టలు. వీటన్నిటినీ దాటి శుభ్రంగా మిగిలిన ప్రతికే ఎక్కువ ధర. కాబట్టే స్థితి గురించి రాసే ప్రతి మాటా డబ్బుతో సమానం, తగవంతా ఆ మాటల దగ్గరే.

మధ్యవర్తి పోయాక

ఒకప్పుడు ఈ బజారుకో మధ్యవర్తి ఉండేది. 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని మన దేశంలోకి వచ్చిన ఈబే, ‘పైసాపే’ అనే పద్ధతి పెట్టింది. కొన్నవాళ్ల డబ్బు నేరుగా అమ్మినవాళ్లకు వెళ్లేది కాదు. సరుకు చేరేదాకా మధ్యలో ఆగేది. కొత్తవాళ్లిద్దరు ఒకరినొకరు నమ్మాల్సిన పని ఉండేది కాదు. 2017లో ఈబే ఇండియా ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది, 2018 ఆగస్టులో మూతపడింది. పాత పుస్తకాలు సేకరించేవాళ్లకు ఆ మూత పెద్ద దెబ్బ. అక్కడి అమ్మకందార్లు, కొనుగోలుదార్లు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలోకి చెదిరిపోయారు. డబ్బు ముందు, పుస్తకం తర్వాత. మధ్యలో ఎవరూ లేరు. మహా అయితే గ్రూపు అడ్మిన్ ఉంటాడు. ఆయన చేతిలో ఉన్నది ఒకే శిక్ష: గ్రూపులోంచి తీసేయడం.

విదేశాలకు అమ్మేవాళ్లు మాత్రం ఇప్పటికీ అంతర్జాతీయ ఈబేలోనే ఉన్నారు. అక్కడ మధ్యవర్తి ఉంది, కానీ అది ఎక్కువగా కొన్నవాళ్ల వైపే మొగ్గుతుంది. వస్తువు వర్ణనకు తగ్గట్టు లేదని అందిన 30 రోజుల్లోపు కేసు తెరవొచ్చు. అమ్మకందారుకు జవాబిచ్చేందుకు మూడు పనిదినాలు. ఆ తర్వాత సంస్థ కలగజేసుకుంటుంది. ‘రిటర్నులు లేవు’ అని పెద్దక్షరాలతో రాసినా వర్ణన తేడా కేసుల్లో అది చెల్లదు. పుస్తకం వెనక్కి తెప్పించే పోస్టేజీ కూడా అమ్మినవాళ్లే పెట్టుకోవాలి. కొన్నవాళ్ల మీద అమ్మకందార్లు చెడ్డ రేటింగ్ ఇచ్చే వీలు 2008లోనే పోయింది. ఇది అన్యాయమని చాలామంది అమ్మకందార్లు అంటారు. నేను ఒప్పుకోను. వస్తువును ముందే చేత్తో పట్టుకుని చూసే అవకాశం ఒకరికే ఉన్న బేరంలో, చూడని మనిషికి కాస్త ఎక్కువ రక్షణ ఉండడమే న్యాయం.

తెలియక పుట్టే తగవులు

అన్నిటికంటే బాధ కలిగించేవి ఇవి. పుస్తకంలో లోపం ఉండదు, మనుషుల్లో మోసం ఉండదు, అయినా బేరం చెడిపోతుంది.

ఇంద్రజాల్ తొలి పది సంచికల్నే తీసుకోండి. వాటిలో ఫాంటమ్ కథకు ఇచ్చినవి 16 పేజీలే. మిగతావి విజ్ఞాన విశేషాలు, ఇతర శీర్షికలు. 29వ సంచిక నుంచి గాని కథకు 28 పేజీలు దక్కలేదు. తర్వాతి సంచికలు చదివి పెరిగినవాళ్లు తొలి సంచిక ఒకటి కష్టపడి సంపాదించి, విప్పి చూసి, కథ సగంలో తెగినట్టుందని, పేజీలు పోయాయని గొడవకు దిగుతారు. అమ్మినవాళ్లకూ ఆ సంగతి తెలియకపోతే ఇక అంతే, చక్కటి ప్రతి ఒకటి తిరుగు టపాలో వచ్చేస్తుంది.

చందమామదీ అదే తంతు. ‘ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా పూర్తి సెట్టు’ అని అమ్మితే, 1998 చివర నుంచి 1999 చివర దాకా సంచికలు ఏవని అడుగుతారు. పత్రిక ఆ మధ్యకాలం ఆగిపోయింది. రాని సంచికల్ని ఎవరు మాత్రం ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తారు? ప్రకటనలో ఈ ఒక్క ముక్క రాస్తే ప్రశ్నే రాదు.

అమర చిత్ర కథ దగ్గర ఇంకాస్త చిక్కుంది. ఒకే పుస్తకం ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ అచ్చయింది. పాత వరసలో 11వ నంబరు ‘కృష్ణ’. అంతకు ముందు పది పాశ్చాత్య జానపద కథలు. పదకొండో నంబరు చూసి తొలి ముద్రణ అనుకుంటే పొరపాటు. తర్వాతి ముద్రణల మీదా అదే నంబరు ఉంటుంది. ధర చూడాలి, చిరునామా చూడాలి, అన్నిటికంటే ముఖ్యంగా అట్ట లోపల అచ్చేసిన ఇతర పుస్తకాల జాబితా చూడాలి. ఆ జాబితాలో తర్వాతెప్పుడో వచ్చిన పుస్తకం పేరు కనిపిస్తే చేతిలో ఉన్నది తొలి ముద్రణ కాదన్నది తేలిపోతుంది. తేల్చుకోలేకపోతే ‘పాత ముద్రణ’ అని రాయాలి. ‘ఫస్ట్ ప్రింట్’ అని రాసి ఎక్కువ ధర తీసుకుని, తర్వాత ‘నాకు తెలియదండీ’ అనడం కుదరదు.

బైండు పుస్తకాలది వేరే గోల. మన ఇళ్లలో ఏడాది చందమామలు పన్నెండూ కలిపి బైండు చేయించేవారు. బైండరు అంచులు సమంగా రావడానికి మూడు వైపులా కోసేవాడు, చాలాసార్లు అట్టలు తీసేసేవాడు. చదువుకునేవాళ్లకు అది బంగారం. ముఖచిత్రాల కోసం వెతికేవాళ్లకు దాంతో పనే లేదు. ‘1962 చందమామలు పూర్తి సంవత్సరం’ అని మాత్రమే రాస్తే ఇద్దరూ కొంటారు, ఒకరు తిట్టుకుంటారు. బైండు చేసినవి, అంచులు కోసినవి, అట్టలు లేనివి అని చెప్పి అమ్మితే సరైన మనిషే కొంటాడు.

మార్కులు, మాటలు

అమెరికాలో ఈ గొడవకు ఒక కొలబద్ద పెట్టుకున్నారు. 1970 నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం స్థితిని వర్ణించే మాటలకు ఒక క్రమం తెచ్చింది. 2000లో మొదలైన సీజీసీ అనే సంస్థ పుస్తకాన్ని పరీక్షించి, సగం నుంచి పది దాకా మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇస్తుంది. ఆ కొలబద్దలో ‘గుడ్’ అంటే పదికి రెండు. మనవాళ్లు ‘గుడ్ కండిషన్’ అని రాస్తే అక్కడివాళ్లు చిరుగులున్న ప్రతిని ఊహించుకుంటారు. చక్కటి పుస్తకం తక్కువకు పోతుంది. పొగడ్తగా ‘మింట్’ అని రాస్తే కేసు తప్పదు. అచ్చయిన రోజున ఉన్నట్టే ఉందని దాని అర్థం, మన వాతావరణంలో అది దాదాపు అసాధ్యం.

డబ్బాలో మూసింది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2023 చివర, 2024 మొదట్లో అక్కడ పెద్ద కలకలమే రేగింది. ఎక్కువ మార్కు పడ్డ ప్రతి ఉన్న డబ్బాను జాగ్రత్తగా తెరిచి, తక్కువ స్థాయి ప్రతిని అందులో పెట్టి, డబ్బా దెబ్బతిందంటూ కొత్త డబ్బా కోసం తిరిగి పంపి, పాత మార్కుతోనే కొత్త డబ్బా సంపాదించిన వ్యవహారం బయటపడింది. అనుమానం ఉన్న ధ్రువీకరణ నంబర్లు వందల కొద్దీ సంస్థే ప్రకటించాల్సి వచ్చింది. డబ్బు పోసి కొన్నవాళ్లు తమ డబ్బాల నంబర్లు ఆ జాబితాలో వెతుక్కున్నారు.

మన పుస్తకాలకు మార్కుల కంటే ఫొటోలే మేలు. ముందు అట్ట, వెనక అట్ట, రెండింటి లోపలి వైపులు, వెన్ను, నడిమి పేజీ పిన్నులతో సహా, లోపం ఉన్న ప్రతి చోటూ. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, ఫిల్టర్ లేకుండా. వెలుతురు పక్కనుంచి పడేలా ఒక ఫొటో తీస్తే మడతలూ నలుగులూ దాగవు. తర్వాత మాటలు. ‘కాస్త అరుగుదల’ అనేది వర్ణన కాదు. ‘12వ పేజీ కింది మూల వేలి గోరంత చిరిగింది, అక్షరాలు పోలేదు’ అనేది వర్ణన. పేజీలు లెక్కపెట్టి రాయాలి. తుప్పు పట్టిన పిన్నులు తీసి కొత్తవి కొట్టి ఉంటే అదీ చెప్పాలి. పుస్తకం మేలు కోరే ఆ పని చేసినా, సేకరించేవాళ్లు దాన్ని మార్పుగానే లెక్కేస్తారు. అట్ట రంగు పోయిన చోట స్కెచ్ పెన్ను పూసి చెప్పకుండా అమ్మడం మాత్రం మోసం, దానికి ఇంకో పేరు లేదు.

నకలు

పాత సంచికల స్కాన్లు ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి, డిజిటల్ ప్రింటింగ్ చవకైంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చదువుకోవడానికని నకలు అచ్చేసుకుంటే అదొక సంగతి, హక్కుల గొడవ దానికీ ఉంది. నకలును అసలని అమ్మడం వేరు.

ఇలాంటి ప్రతిని పది రెట్లు చూపే భూతద్దం కింద పెట్టి చూడండి. అసలు ప్రతిలో బొమ్మలు రంగు చుక్కలతో ఉంటాయి, కథ అక్షరాలు మాత్రం నల్లగా, అంచులు తేరి ఉంటాయి. స్కాన్ నుంచి అచ్చేసినదాంట్లో అక్షరాలు కూడా రంగు చుక్కల ముద్దలే. అంచులు బూజు పట్టినట్టుంటాయి. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే కొత్త తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది, పాత న్యూస్‌ప్రింటు మెరవదు. ఇవేవీ లేకపోయినా పిన్ను దగ్గర చూస్తే చాలు. స్కాన్‌లో ఉన్న తుప్పు మరక కూడా కాగితం మీద అచ్చయి ఉంటుంది. వేలితో తడిమితే గరుకు తగలదు. మరక గోధుమ రంగులో, దాని పక్కనే పిన్ను మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. ఆ పిన్ను ఆ మరక వేసింది కాదు. ఇంత పట్టపగలు మోసం కూడా ఫోన్ తెర మీద చిన్న ఫొటోలో కనబడదు. అందుకే కొనేముందు పిన్నుల ఫొటో దగ్గర్నుంచి తీసి పంపమని అడగాలి. ఇవ్వనంటే కొనొద్దు.

ఒక తగవు నడిచే తీరు

రాజమండ్రి నుంచి ఒకాయన 1950ల నాటి చందమామ అమ్మారు, బెంగళూరులో ఒకామె కొన్నారు అనుకుందాం. పార్శిల్ అందిన రోజు సాయంత్రం ఆమె రాస్తారు:

“సార్, పుస్తకం అందింది. ప్యాకింగ్ చాలా బాగుంది. కానీ 33వ పేజీ కింది మూల లేదు, నాలుగు లైన్లు పోయాయి. మీ ఫొటోల్లో ఈ పేజీ లేదు.”

“అమ్మా, డెబ్బై ఏళ్ల పుస్తకం. ఆ మాత్రం ఉంటుంది కదా.”

“అది సీరియల్ భాగం సార్. దాని కోసమే తీసుకున్నాను.”

“ఇంత రేటుకి ఇంకెవరూ ఇవ్వరమ్మా. కావాలంటే గ్రూపులో అడగండి.”

ఇక్కడితో చెడింది. ఆమె నిజంగానే గ్రూపులో అడుగుతారు, స్క్రీన్‌షాట్లు పెట్టి మరీ. ఎవరెవరో వచ్చి తలా ఒక మాట అంటారు. ఆయనకు మర్యాద పోయినట్టనిపిస్తుంది, ఆమెకు డబ్బు పోయినట్టనిపిస్తుంది. నాలుగు లైన్ల కోసం పుట్టిన తగవు ఇద్దరి పరువు దాకా పోతుంది.

ఆయన మొదటి జవాబు “ఒక్క రోజు టైమివ్వండమ్మా, నా దగ్గరున్న ఫొటోలు చూసి చెబుతాను” అని ఉంటే కథ వేరు. ఫొటోల్లో ఆ పేజీ లేదంటే లోపం ప్రకటనదే. అప్పుడు రెండే దారులు. పుస్తకం వెనక్కి తీసుకుని, రెండు వైపుల పోస్టేజీతో సహా పూర్తి డబ్బు ఇచ్చేయడం. లేదా పుస్తకం ఆమె దగ్గరే ఉంచి కొంత డబ్బు తిరిగివ్వడం. ఎంత అన్నది ఆమెనే ముందు చెప్పమనడం మంచిది. నా అనుభవంలో అడిగించుకున్నవాళ్లు అడిగే మొత్తం, అమ్మినవాళ్లు భయపడినదాని కంటే తక్కువే ఉంటుంది. వీలుంటే మూడో దారి కూడా ఉంది: పోయిన నాలుగు లైన్లు ఇంకొకరి ప్రతి నుంచి ఫొటో తీయించి పంపడం. చిరుగు పూడదు, కానీ చదవాలనుకున్న మనిషికి కథ పూర్తవుతుంది. ఈ దారి చట్టంలో లేదు, ఏ వెబ్‌సైటు నియమాల్లోనూ లేదు. పుస్తకాల మనుషులు ఒకరికొకరు చేసుకునే పని ఇది.

ఆమె వైపు నుంచీ కొన్ని పాటించాలి. అందిన రోజే చూసుకోవడం, ఫొటో తీయడం, ఒకే మనిషితో ఒకేచోట మాట్లాడటం, జవాబుకు టైమివ్వడం. నెల తర్వాత, ఇంకో ప్రతి తక్కువకు దొరికాక గుర్తొచ్చే లోపాలను అమ్మినవాళ్లు నమ్మరు. నమ్మాల్సిన పనీ లేదు.

చట్టం ఏమంటుంది?

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు దుకాణాల్లో చూసి చూసి, అదే చట్టమనుకుంటాం. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. వ్యాపారి అయినా, తాతగారి పెట్టె అమ్ముకునే మనవడైనా ఇది వర్తిస్తుంది. 2020 ఈ-కామర్స్ నియమాలు ఇంకొంచెం ముందుకు వెళ్లాయి: లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా వేదికల మీద అమ్మేవాళ్లు వెనక్కి తీసుకోనని అనకూడదు. అయితే క్రమం తప్పకుండా వ్యాపారంగా చేయకుండా, సొంత వస్తువు ఎప్పుడో ఒకటి అమ్ముకునే వ్యక్తులకు ఈ నియమాలు వర్తించవు. వారం వారం పుస్తకాలు పెట్టేవాళ్లు మాత్రం ‘ఇది నా హాబీ’ అంటే చెల్లడం కష్టం.

తిరిగి అమ్ముకోవడానికి కొన్న డీలరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేడు. తన కోసం కొన్నవాళ్లు వెళ్లొచ్చు. 2019 చట్టం వచ్చాక కొన్నవాళ్లు తామున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. గడువు రెండేళ్లు. ఐదు లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంట్లోంచే దాఖలు చేయొచ్చు. అంతకు ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఒక ఫోను. డబ్బు తీసుకుని పుస్తకమే పంపకుండా మాయమైతే అది వినియోగదారుల గొడవ కాదు, సైబర్ మోసం. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఈ నంబర్లు రాస్తున్నాను గానీ, పుస్తకం ఒక్కదాని కోసం కమిషన్ మెట్లెక్కే పరిస్థితి తెచ్చుకున్నారంటే ఇద్దరిలో ఒకరు చాలా మొండి అయి ఉండాలి.

‘అన్‌బాక్సింగ్ వీడియో లేకపోతే క్లెయిమ్ లేదు’ అనే షరతు ఇప్పుడు అందరూ పెడుతున్నారు. వీడియో మంచి సాక్ష్యం. కానీ అది లేదన్న ఒక్క కారణంతో, ప్రకటనలో దాచిన లోపం మాఫీ అయిపోదు.

అమ్మేవాళ్ల కష్టం

అమ్మేవాళ్లు మోసపోవడమూ తక్కువేం కాదు. డబ్బు పంపినట్టు నకిలీ స్క్రీన్‌షాట్ పెట్టి తొందర చేసేవాళ్లుంటారు. బ్యాంకు ఖాతాలో పడింది చూసుకున్నాకే పార్శిల్ కట్టాలి. తన దగ్గరున్న నాసిరకం ప్రతిని మార్చి, అదే వచ్చిందని తిరిగి పంపేవాళ్లూ ఉన్నారు. దీనికి మందు మళ్లీ ఫొటోలే. పిన్నులు కాగితంలో దిగిన చోటు, అట్ట అచ్చు కాస్త పక్కకు జరిగిన తీరు, ఫలానా పేజీలో సిరా చుక్క ఏ రెండు ప్రతుల్లోనూ ఒకేలా ఉండవు. వాటిని పంపేముందు ఫొటో తీసి దాచుకుంటే వెనక్కి వచ్చింది మనదో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది. మార్కు లేని పుస్తకం కొని, గ్రేడింగుకు పంపి, అనుకున్న మార్కు రాలేదని డబ్బు వాపసు అడగడం మరో రకం. నేను అమ్మింది పుస్తకం, మార్కు కాదని ప్రకటనలోనే రాసుకోవాలి.

ప్యాకింగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. పాలిథిన్ కవరు, రెండు వైపులా పుస్తకం కంటే పెద్ద అట్టముక్కలు, ఆ పైన గట్టి డబ్బా. టేపు ఎక్కడా కాగితానికి తగలకూడదు. చుట్ట చుట్టి గొట్టంలో పంపితే వెన్ను పోతుంది. పార్శిల్ పోయినా నలిగినా తపాలా శాఖ బాధ్యత చాలా పరిమితం, కాబట్టి విలువైనదాన్ని ఇన్స్యూర్ చేయాలి. అమెరికాలోని తెలుగువాళ్లకు పంపేవాళ్లు 2025లో ఇంకో పాఠం నేర్చారు. అక్కడి సుంకాల నిబంధనలు మారడంతో ఆగస్టు 25 నుంచి మన తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్శిళ్లు ఆపేసింది. సేవలు మళ్లీ మొదలైంది అక్టోబరు 15న. ఆ మధ్య డబ్బు తీసుకున్నవాళ్లు పుస్తకం పంపలేక, పండగలోపు అందుతుందని ఎదురుచూసినవాళ్లకు సర్దిచెప్పలేక అవస్థ పడ్డారు. ‘ఆలస్యం మా చేతిలో లేదు, డబ్బు వెంటనే కావాలంటే ఇచ్చేస్తాం’ అని అడక్కముందే రాసినవాళ్లకు గొడవలు రాలేదు.

ఇక వెనక్కి వచ్చిన పుస్తకం సంగతి. పార్శిల్ విప్పేటప్పుడు అమ్మకందారూ వీడియో తీసుకోవాలి. పాత ఫొటోలతో పోల్చి, మనదే అని తేలితే ఆ రోజే డబ్బు పంపాలి. వారం తర్వాత పంపిన పూర్తి డబ్బు కంటే ఈరోజు పంపిన డబ్బుకే విలువ. ఆ తర్వాత పుస్తకాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టాలి. తగవు పడ్డ సంగతి దాచి కొత్తదానిలా పెట్టేవాళ్లే ఎక్కువ. నేను ఎక్కువ నమ్మే అమ్మకందారు ప్రకటన మాత్రం ఇలా ఉంటుంది: “చందమామ, 1950ల సంచిక. విడి సంచిక, అంచులు కోయలేదు. అట్టలు రెండూ ఉన్నాయి, వెనక అట్ట లోపల చెమ్మ మరక. పిన్నులు పాతవే, తుప్పు ఉంది. 33వ పేజీ కింది మూల లేదు, నాలుగు లైన్లు పోయాయి, ఫొటో చూడండి. ఒకసారి అమ్మి వెనక్కి తీసుకున్నాను. ఆ చిరుగు అప్పుడు రాయలేదు. ధర అందుకే తగ్గించాను.”